లంబాలైన్ వాకిట్లో వీడియో షో

అండమాన్‌లో మనవాళ్ల సినిమా ముచ్చట చెప్పాలంటే థియేటర్‌తో మొదలుపెట్టాలి. నేను మాత్రం వాకిలితో మొదలుపెడతాను. 1988లో లంబాలైన్‌లో కాపురం పెట్టాను. విమానాశ్రయం పక్కనే పేట. 1985 మేలో ప్రారంభమైన ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోష్‌కి అప్పుడు మూడేళ్లు.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో అప్పట్లో లైట్‌హౌస్, మౌంట్‌బాటెన్ అని సినిమా హాళ్లు ఉండేవి. హాల్లో బెంగాలీ, తమిళుడు, రాంచీవాడు, మనవాడు ఒకే బెంచీ మీద కూర్చుని హిందీ సినిమా చూసేవాళ్లం. ఆ సరదా వేరు. కానీ తెలుగు సినిమా కోసం ప్రాణం కొట్టుకునేది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ మత్స్యకారులదీ అదే బాధ. 2011 లెక్కల్లో కూడా దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్లే మరి.

ఆ కొరత తీర్చింది అద్దె వీడియో. 1982 ఏషియాడ్‌తో కలర్ టీవీ, దాని వెనకే వీసీఆర్ దేశమంతా పాకాయి. మా లైన్లో వీసీఆర్ కొనే స్తోమత ఎవరికీ లేదు. నెల మొదట్లో చందా వేసుకుని టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవాళ్లం. కొత్త క్యాసెట్ అంటే లీవు నుంచి ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసొచ్చినవాడి ట్రంకుపెట్టెలోంచి రావలసిందే. ఆ దీవుల్లో చలికాలం సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. ఆరుకల్లా వాకిట్లో చాపలు పరిచేవారు. రాత్రిపూట హాలుకి రాలేని ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు ముందు వరసలో కూర్చునేవారు. డీజిల్ జనరేటర్ల కరెంటు పోతే, వచ్చేదాకా అంత్యాక్షరి.

ఒక చిన్న మాట. వీడియో పైరసీ అరికట్టడానికి 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. నకలు క్యాసెట్ అమ్మినా, అద్దెకిచ్చినా కనీసం ఆరు నెలల జైలు. అయినా మా చేతికొచ్చినవాటిలో అసలేదో నకలేదో ఎవరికి తెలుసు? పైగా “ఇంట్లో చూడడానికి మాత్రమే” అని తెరమీద పడుతుండగా వాకిట్లో నలభైమందిమి చూసేవాళ్లం. క్రమశిక్షణకు పేరుపడ్డ వాళ్లం మరి!

సముద్రపు తేమకి టేపు మీద తెల్లగా బూజు పట్టేది. డెక్కు హెడ్డుకి అది అంటుకుంటే బొమ్మంతా గీతలే. ఒకసారి సరిగ్గా క్లైమాక్సులో బొమ్మ పోయింది. ఆ సినిమా విశాఖలో చూసి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. “అన్నా, నువ్వు చెప్పాల్సిందే” అని పట్టుబట్టారు. లేచి నిలబడి, ఫైటింగులతో సహా అరగంట చెప్పాను.

హాలుని వీడియో చంపేసిందని అందరూ అంటారు. మా లైన్లో నేను చూసింది వేరు. డెక్కు ఒకటే ఉన్నంతకాలం మా వాకిలే హాలు. తొంభైల చివర వీసీడీ ప్లేయర్ చవకై ఇంటికొకటి వచ్చింది, కేబుల్ కూడా తోడైంది. చాపలు లోపలికెళ్లాయి. కొంపలు ముంచిన వాడు అద్దె క్యాసెట్ కాదు, సొంత సెట్టు. సౌకర్యమే కాదనను. డ్యూటీ దిగొచ్చి తనకిష్టమైన సినిమా తను చూసుకోవడం తప్పెలా అవుతుంది?

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాక దీవుల్లో ఫోన్‌లోనే సినిమా ఆడుతోంది. అక్కడే ఉండిపోయిన మా పక్కింటి తమ్ముడు ఆమధ్య ఫోన్ చేశాడు. ఆనాటి సినిమా దొరికితే ఆఖరిదాకా చూశాడట.

“అన్నా, క్లైమాక్సు నువ్వు చెప్పినట్టు లేదేంటి?” అన్నాడు.