ప్రశ్నకో పీరియడు

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఒక లెక్క తీయించారు. విశాఖపట్నం జిల్లాలోని మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో కన్యాశుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు ఎన్ని? జాబితాకెక్కినవి 1034. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్లవాళ్లు, 44 మంది నాలుగేళ్లవాళ్లు, 36 మంది మూడేళ్లవాళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఏడాది. ఆ ఏడాది పిల్లల ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలన్నీ గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు ఇంగ్లిషులో రాసిన ముందుమాటలో ఉన్నాయి. నాటకం 1892లో విజయనగరంలో ఆడింది, పుస్తకం 1897లో వచ్చింది. అందులో గిరీశం పాత్ర మాటలు నోటికొచ్చినవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ జాబితా గుర్తున్నవాళ్లు మాత్రం తక్కువ. నాకైతే ఆ జాబితా కూడా నాటకమంత గొప్పగా కనిపిస్తుంది. అందరికీ తెలిసిన ఆచారమే అది. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు. ‘ఎన్ని? ఏ వయసు? ఎంతకి?’ అని అడిగాకే అది ఆచారంగా కాక బేరంగా కళ్లబడింది.

అలా అడగడం ఆ తరంవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? తరగతి గదిలో అని జవాబు చెప్పాలనుంది గానీ, చెప్పడానికి ఆధారాలు ఒప్పుకోవు.

విజయనగరం మహారాజా కళాశాల 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. అదే 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది, లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో. ఆ నమూనాలో విశ్వవిద్యాలయం పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. పాఠం చెప్పే బాధ్యత ఎక్కడికక్కడ కాలేజీలదే. ప్రశ్నపత్రం మద్రాసు నుంచి వస్తుంది, జవాబు విజయనగరం కుర్రాడు రాయాలి. ప్రశ్న వేసే హక్కు ఆ కుర్రాడికి లేదు, అతనికి పాఠం చెప్పే పంతులుకూ లేదు. మన కాలేజీల్లో నోట్సు చెప్పడం, రాసుకోవడం, అప్పజెప్పడం అనే చదువు అంత గట్టిగా పాతుకుపోవడానికి ఈ ఏర్పాటు పెద్ద కారణం. విశ్వవిద్యాలయాలు మారాయి, సిలబస్‌లు మారాయి, ఆ ఏర్పాటు మాత్రం చాలావరకు అలాగే ఉంది.

కాబట్టి ప్రశ్నకు టైంటేబుల్లో చోటు దొరకలేదు. అది పక్కదారుల్లో బతికింది. గురజాడ 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. అయ్యారు. ఎఫ్.ఏ. అంటే అప్పట్లో కాలేజీకి తొలి మెట్టు. మహారాజా కాలేజీ ప్రిన్సిపల్ చంద్రశేఖర శాస్త్రి ఆ పేద కుర్రాడికి ఉచితంగా వసతి, భోజనం ఏర్పాటు చేశారు. సరిగ్గా ఆ ఎఫ్.ఏ. రోజుల్లోనే, 1883లో, అతని ‘సారంగధర’ ఇంగ్లిషు కావ్యం పత్రికలో అచ్చయింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చదివి తన పత్రికలో మళ్లీ వేసుకున్నారు. అంతటితో ఊరుకోకుండా, సొంత భాషలో రాయమని ఆ కుర్రాడికి ఉత్తరంలో సలహా ఇచ్చారు. ఒక పెద్దాయన కొత్త విద్యార్థి రాత తీసుకుని, చదివి, దాని మీద అతనితో వాదానికి దిగడం ఏ సిలబస్‌లోనూ లేదు. అయినా ఆ నాలుగు మాటలు తెలుగు సాహిత్యానికి చేసిన మేలు ఏ పట్టా పరీక్షా చేయలేదు. తర్వాత గురజాడ అదే కాలేజీలో పాఠాలు చెప్పారు: ఇంగ్లిషు వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, అనువాదం, గ్రీకు రోమన్ చరిత్రలు. 1889లో ఆనంద గజపతి డిబేటింగ్ క్లబ్బుకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. పగలు పాఠం ఒకచోట, వాదం ఇంకోచోట.

ఊళ్లోనే మరో సంప్రదాయం ఉంది. సంస్కృత పాఠశాలల్లో శాస్త్రం వాక్యార్థంగా నడిచేది. ఒక వాక్యం పెట్టుకుని, దాని మీద ఆక్షేపణ, సమాధానం, మళ్లీ ఆక్షేపణ. వ్యాకరణంలో దేశమంతా పేరున్న తాతా సుబ్బరాయశాస్త్రి విజయనగరంవారే. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, అతనే ‘అవును, నేనన్నది అదే’ అని ఒప్పుకునేలా చెప్పాకే సిద్ధాంతం చెప్పాలన్నది ఆ వాదంలో మర్యాద. ఇవాళ ఏ చర్చా కార్యక్రమంలోనైనా ఆ ఒక్క మర్యాద పాటిస్తే సగం అరుపులు ఆగిపోతాయి. అయితే ఆ పాఠశాలల్లోకి ఎవరికి ప్రవేశం ఉండేదో కూడా చెప్పుకోవాలి. ఆడపిల్లలకు లేదు, చాలా కులాలకు లేదు, కొండవాళ్లకు అసలే లేదు. వాదించే విద్య అంత చక్కగా పెంచుకున్న ఊరు దాన్ని కొద్దిమంది దగ్గరే ఉంచేసింది.

ఆ అడ్డు దాటిన మనిషి గిడుగు రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం బడిలో గురజాడా ఆయనా సహాధ్యాయులు. మెట్రిక్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. కాలేజీలో కూర్చుని చదివే వీలు లేక ఎఫ్.ఏ., బి.ఏ. ప్రైవేటుగానే కట్టారు. అప్పట్లో పర్లాకిమిడి, శ్రీకాకుళం రెండూ గంజాం జిల్లాలోవే. 1936లో ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది.

ముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాలు తరతరాలుగా అందరూ చూస్తున్నవే. గిడుగు ఆ పాత లిపి తనంతట తాను నేర్చుకుని చదివారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే భాష అందరూ వింటున్నదే. గిడుగు తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, కూర్చోబెట్టి అడిగి అడిగి ఒక్కో మాట రాసుకున్నారు. ఇక్కడ మాస్టరు ఎవరు, విద్యార్థి ఎవరు? రాజావారి కాలేజీ పంతులు విద్యార్థి, బడి మొహం చూడని సవర మాస్టరు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఉచ్చారణ చెవితో పట్టుకోవలసిన పనిలో ఉన్న మనిషికి చెవులే పోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అయినా వదలలేదు. సవర పాఠాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకొద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అప్పటికాయన వయసు 75.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిషు దొర, చిన్నపిల్లలకు వచ్చేటటువంటి సందేహం ఒకటి అడిగాడు. బడి పుస్తకంలో ఉన్న తెలుగు వీధిలో ఎందుకు వినబడదు? చాలామంది పండితులకు అది జవాబు చెప్పదగ్గ ప్రశ్నగానే అనిపించలేదు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ మాత్రం దాన్ని గురజాడ, గిడుగుల వైపు పంపారు. నలుగురు మనుషులు, ఒక్క సందేహం. వ్యావహారిక భాషోద్యమం అంతా అక్కడ మొదలైంది. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో వాడుక భాష తరఫున నిలబడి 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడే పోయారు. ఇవాళ ఈ వ్యాసం ఈ భాషలో మీరు చదువుతున్నారంటే ఆ నలుగురి చర్చ పుణ్యం కొంత ఉంది.

తర్వాతి తరంలో అదే విజయనగరం, అదే కాలేజీ. టెక్కలి దగ్గర నౌగడ నుంచి వచ్చిన రోణంకి అప్పలస్వామి ఇంగ్లిషు పాఠం చెప్పేవారు. యూరప్ భాషలు ఎన్నో పట్టినవారు. రచయితలు చాసో, శ్రీరంగం నారాయణబాబు, ఆరుద్ర ఆ ఊరి సాహిత్య చర్చల్లో తేలినవాళ్లే. అదంతా రాయాలంటే వేరే వ్యాసం కావాలి. ఇక్కడ నాకు ముఖ్యమైనది ఒకటే: ఆ చదువు కూడా కాలేజీ గంటకు బయటే జరిగింది. రోణంకి లాంటి మాస్టారు తగిలిన కుర్రాడికి దక్కింది, తగలనివాడికి లేదు.

దాన్ని గంట లోపలికి, అందరికీ అందేలా తేవడం ఎలాగన్నదే అసలు సంగతి. జర్మనీలో గోటింగెన్ విశ్వవిద్యాలయం 18వ శతాబ్దంలోనే సెమినార్ పెట్టింది. బెర్లిన్‌లో చరిత్రకారుడు రాంకె తన ఇంట్లో విద్యార్థులను కూర్చోబెట్టుకుని పాత పత్రాలు వాళ్ల చేతే విప్పించాడు. కానీ అవి పై చదువులవాళ్లకు. కాలేజీలో నిన్న చేరినవాళ్లకు కూడా అలాంటి చిన్న తరగతి కావాలని హార్వర్డ్ 1959లో ఫస్టియర్ సెమినార్లు మొదలుపెట్టింది. మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2005లో, రాజీవ్ సంగల్ డైరెక్టరుగా ఉండగా, మానవ విలువల కోర్సును చిన్న బృందాల చర్చగా నడిపింది. 2017లో ఏఐసీటీఈ ఇంజనీరింగ్ ఫస్టియర్‌కు మూడు వారాల పరిచయ కార్యక్రమం పెడుతూ ఇరవై మందికో మాస్టరు చొప్పున కూర్చుని మాట్లాడుకోమంది. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో మిగతా డిగ్రీలకూ చెప్పింది.

కాగితం మీద మంచి మాట. కానీ మూడు వారాల్లో నాలుగు ఉపన్యాసాలు, ఒక సన్మానం, ఒక గ్రూప్ ఫొటోతో దాన్ని ముగించడం చాలా సులువు. ఇంటర్‌లో రెండేళ్లు పొద్దున ఐదు నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో బిట్లతో నలిగిన పిల్లలు వచ్చి కూర్చుంటారు. ప్రశ్న అడిగితే సమయం వృథా అని వాళ్లకు నేర్పాం. మొదటి రోజు ‘మీ సందేహాలు చెప్పండి’ అంటే అందరూ తల దించుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. చర్చించండి అంటే చర్చ పుట్టదు. బల్ల మీద ఒక వస్తువు ఉండాలి, దాని గురించి మాస్టరుకు కూడా పూర్తి జవాబు తెలియకూడదు.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో అలాంటి వస్తువులకు లోటు లేదు. పొందూరులో ఆడవాళ్లు కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు. ఆ దవడ ఒకటి తెచ్చి ఇరవై మంది మధ్య పెట్టండి. వరసగా, దగ్గరగా, లోపలికి వంగి ఉండే సన్నటి పళ్లు. పత్తి పీచును తెగకుండా దువ్వుతాయి, గింజకు అంటుకున్న నలుసును లాగేస్తాయి. ఇనప దువ్వెన ఆ పని ఎందుకు చేయలేదు? వేరే చేప ఎందుకు పనికిరాదు? ఈ పని ఆడవాళ్లదే ఎందుకయింది? రోజంతా దువ్వితే కూలి ఎంత? జంతుశాస్త్రం పిల్ల, కామర్స్ పిల్లాడు, చరిత్ర పిల్ల ముగ్గురికీ అందులో పనుంది. తర్వాతి వారానికి పొందూరు వెళ్లి అడిగి వస్తారు. అడిగి తెచ్చినదాంతో గదిలో వాదన మొదలవుతుంది. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, ఉంది. తమ ఊరి పేరు వచ్చే కథ ఒకటి వెతికి, అందులో రాసింది ఎంతవరకు నిజమో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనవచ్చు. సీతంపేట, భామిని, కురుపాం నుంచి వచ్చిన సవర పిల్లలు ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో ఉన్నారు. గిడుగు నిఘంటువులోని మాటల్లో ఏవి ఇంకా ఇంట్లో వాడుతున్నారో చెప్పగలిగింది వాళ్లే. ఆ పీరియడులో వాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.

దీనికి మార్కులు పెడితే చెడుతుందని నా భయం. మార్కులు లేకపోతే ఎవరూ రారని ప్రిన్సిపళ్ల భయం. నేనైతే హాజరుకు మాత్రమే లెక్క పెట్టి, పాఠం నుంచి మార్కును తీసేస్తాను. మాస్టరుకు మాత్రం పనిభారంలో ఈ గంటను లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే అది గెస్ట్ ఫ్యాకల్టీ నెత్తిన పడుతుంది. వందమంది సెక్షన్‌ను ఇరవైల కింద విడగొడితే ఐదు గదులు, ఐదుగురు మాస్టర్లు కావాలి. దానికి డబ్బు కావాలి, అది అడగాలి.

అన్నిటికన్నా ముందు బల్ల మీద పెట్టవలసింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంతమంది శాస్త్రజ్ఞులు వచ్చి వెళ్లినా ఇదీ కారణం అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ ఊళ్ల పిల్లలు మన కాలేజీల్లో ఫస్టియర్ చదువుతున్నారు. వాళ్లింట్లో ఏ నుయ్యి నీళ్లు తాగారో, బోరు ఏ ఏడు వేశారో, తోటలో ఏ మందు కొట్టారో, ముందు ఎవరికి జబ్బు చేసిందో వాళ్లకు తెలుసు. ఇరవై మంది వారానికోసారి కూర్చుని, ఒక్కొక్కరు తమ వీధి సంగతి రాసుకొస్తే, ఏడాదికి ఒక జాబితా తయారవుతుంది. దాన్ని పలాస డాక్టర్ల దగ్గరకు తీసుకెళ్లి, ఇందులో మీకు పనికొచ్చేది ఏమిటి, మేం అడగడం మరిచింది ఏమిటి అని ఆ పిల్లలే అడగాలి. కవిటి బస్సు దిగి కాలేజీకి వచ్చే అమ్మాయితో ఈ జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు.