అగ్గిపుల్ల వెనుకటి కథ



మన తాతముత్తాతల నాడు నిప్పు కావలసినచో చెకుముకి కొట్టి దూదికి అంటించెడివారు. లేదా పొరుగింటి పొయ్యినుండి నిప్పుకణిక తెచ్చుకొనెడివారు. అగ్గిపెట్టె వచ్చి ఆ శ్రమ తీర్చినది. గీసిన క్షణమున వెలిగి మఱుక్షణమున పారవేయబడు ఈ పుల్లకంటె అల్పాయువైన సరకు మన యింట మఱియొకటి లేదు. దీనికొఱకు మనుష్యులు చెల్లించిన మూల్యము మాత్రము అల్పము కాదు.

తెల్ల భాస్వరముతో చేసిన పుల్లలు 1830 ప్రాంతమున ఐరోపాలో బయలుదేరినవి. ఎచ్చట గీసినను మండును, వెలయు చవుక. కాని దాని యావిరి పీల్చిన పనివారికి మొదట పంటిసలుపు పుట్టి, పిదప దవడ వాచి, చీముపట్టి, ఎముకయే కుళ్లిపోయెడిది. పలువురకు దవడయెముకను కోసి తీసివేయవలసి వచ్చెను, కొందఱు మరణించిరి. చిత్రమేమనగా, దీనికి మార్గాంతరము దొరకియే యుండెను. ఎఱ్ఱ భాస్వరము అట్టి హాని చేయదు. దానిని పెట్టెప్రక్కన పూసి, పుల్లను అచ్చటనే గీయునట్టి విధానమును స్వీడను దేశమున లుండ్‌స్ట్రోమ్ సోదరులు 1855 నాటికే అమ్మకమునకు తెచ్చిరి. నేడు మనము వాడునది ఆ రకమే. అయినను దాని వెల కొంచెము హెచ్చు. కొనువారు చవుకదానినే కొనుచుండిరి; చేయువారు దానినే చేయుచుండిరి.

1888 జూన్ 23వ తేదీన లండను నగరమున అనిబిసెంటుగారు తాము నడుపు ‘లింకు’ పత్రికలో బ్రయంట్ అండ్ మే కార్ఖానాలోని ఆడుపిల్లల దుస్థితిని బయటపెట్టిరి. మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన బిసెంటమ్మగారే వీరు. వేసవిలో ఉదయము ఆఱున్నర మొదలు సాయంకాలము ఆఱు వఱకు పని. కాళ్లు మురికిగా నున్నచో జుల్మానా. బల్లక్రింద చెత్త యున్నచో జుల్మానా. వాటాదారులకో, నూటికి ఇరువదికి మించిన లాభము! జులై నెలలో సుమారు 1,400 మంది పని మానిరి. యజమానులు దిగివచ్చి జుల్మానాలు రద్దుచేసిరి. భోజనమునకు వేఱుగది యిత్తుమనిరి. అంతవఱకు ఆ పిల్లలు భాస్వరమున్న గదిలోనే రొట్టె తినుచుండిరి.

అయితే భాస్వరము పోలేదు. 1891లో ముక్తిఫౌజువారు లండనులోనే ఎఱ్ఱ భాస్వరముతో, మెఱుగైన కూలితో వేఱొక కార్ఖానా తెఱచిరి. ఉద్దేశము మంచిదే గాని, చవుక పెట్టెల ప్రక్కన హెచ్చువెల పెట్టె నిలదొక్కుకొనుట కష్టమయ్యెను. దయగల కొనుగోలుదారులు కొందఱుందురు. బజారు నిండ ఉండరు గదా!

ఫిన్లాండు 1872లోను, డెన్మార్కు 1874లోను తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధించి యుండెను. 1906లో బెర్నె నగరమున పలు దేశములు కూడి ఒడంబడిక చేసికొనినవి. బ్రిటనులో 1908లో శాసనమయ్యెను. మన దేశమున 1913లో చట్టము వచ్చి, అట్టి పుల్లల దిగుమతియు, తయారియు, అమ్మకమును నిలిచినవి. పల్లెటూరి అంగడిలో అగ్గిపెట్టె కొను రైతు ఇక ఏది విషమో, ఏది కాదో విచారింపవలసిన పని లేకపోయెను.