కీమో తర్వాత ఇంట్లో: చేతి వాచీ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు?

అరియాంకుప్పం పుదుచ్చేరికి దక్షిణాన, కడలూరు రోడ్డు మీద ఉంది. జిప్‌మర్‌లోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం నగరానికి అవతలి వైపు, ఉత్తరాన గోరిమేడులో ఉంది. చాలా కీమో మందులను పగటిపూట ఎక్కించి సాయంత్రానికి రోగిని ఇంటికి పంపేస్తారు. అసలు ప్రమాదం తరచూ ఆ తర్వాతే వస్తుంది.

కీమో ఇచ్చిన సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు వచ్చే జ్వరాన్ని తెల్లారేదాకా చూద్దామని వదిలేయకూడదు. ఇన్ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. నోటిలో ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ (సుమారు 101 ఫారన్‌హీట్) చూపినా, 38 (100.4) గంటసేపు తగ్గకపోయినా అది అత్యవసర పరిస్థితే.

స్మార్ట్‌వాచ్ సరిగ్గా ఇక్కడే తడబడుతుంది. అది కొలిచేది మణికట్టు చర్మం వేడిని. ఫ్యాన్ గాలికి, చెమటకు, పట్టీ బిగుతుకు ఆ అంకె మారిపోతుంది. కాబట్టి జ్వరానికి మామూలు డిజిటల్ థర్మామీటరే నమ్మకం. డాక్టర్‌ను అడగకుండా పారాసిటమాల్ వేసుకుంటే ఆ జ్వరమూ కనిపించకుండా పోతుంది.

ఆక్సిజన్ అంకెతోనూ జాగ్రత్త అవసరం. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఆక్సిజన్ తగ్గినా, ఆసుపత్రుల్లో వాడే పల్స్ ఆక్సిమీటర్లే కొన్నిసార్లు పసిగట్టలేకపోయాయని 2020లో అమెరికా పరిశోధకులు గుర్తించారు.

మరి వాచీ దేనికి? అడుగుల లెక్కకు, విశ్రాంతిగా ఉన్నప్పటి గుండె వేగానికి. రోగి ఎంత చురుగ్గా ఉన్నారో వైద్యులు ఈకాగ్ అనే 0 నుంచి 5 కొలమానంలో అంచనా వేస్తారు. ఓపీలో దొరికే కొద్ది నిమిషాల్లో చాలామంది ‘బాగానే ఉన్నానండీ’ అనేస్తారు. రోజూ 4,000 అడుగులు నడిచే మనిషి వారంగా 800 దాటలేదంటే, ఆ మాటకు వేరే అర్థం ఉన్నట్టే. పోల్చుకోవాల్సింది పక్కవారి అంకెతో కాదు, తన పాత అంకెతో.

అయితే ఆ అంకెను చూసేదెవరు? 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 766 మంది క్యాన్సర్ రోగులు పాల్గొన్నారు. లక్షణాలను ఆన్‌లైన్‌లో తెలిపినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిది 26 నెలలు. అందులో వాచీ లేదు. లక్షణం ముదిరితే నర్సుకు కబురు వెళ్లేది, నర్సు స్పందించేది.

వాచీ కొనేముందు ఆసుపత్రిలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రాత్రి రెండింటికి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?