తామరైపాక్కం సీమలో కోణాల కొలత

ఒక బిందువు దగ్గర కలిసే రెండు కిరణాల మధ్య ఉండే తిరుగుడే కోణం. అది 90 డిగ్రీలకు తక్కువైతే అల్పకోణం, సరిగ్గా 90 అయితే లంబకోణం, 90 దాటి 180 లోపుంటే అధికకోణం. 180 అయితే సరళకోణం. బడిలో ఒక్క పూటలో ముగిసే ఈ పాఠం ఆధారంగానే కుశస్థలి నది ఒడ్డున తామరైపాక్కం నుంచి తిరుత్తణి కొండల దాకా నేలకు లెక్క కట్టారు.

1802 ఏప్రిల్‌లో సర్వేయర్ విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ నుంచి దక్షిణంగా పెరుంబాక్కం గుట్ట వైపు ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. 100 అడుగుల ఉక్కు గొలుసును దాదాపు 400 సార్లు పరిచారు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసును చెక్కపెట్టెల్లో ఉంచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టారు. ఇంత శ్రమ ఒక్క గీత కోసమే. ఒక భుజం, దాని రెండు కొసల్లోని కోణాలు తెలిస్తే త్రిభుజమంతా తెలిసినట్టే. కొత్తగా తేలిన భుజం మీద మరో త్రిభుజం నిలుస్తుంది. అలా కొండ నుంచి కొండకు చూపు సారించి పోవచ్చు.

కోణాలు చూసే థియోడొలైట్ అర టన్ను బరువు. ఇంగ్లండు నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివారు ఓడతో సహా పట్టుకున్నారు. తర్వాత మర్యాదగా పంపించేశారు. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి దాని వలయం వంగిపోయింది. లాంబ్టన్ దాదాపు ఆరు వారాలు కూర్చుని స్వయంగా సరిచేశాడు. కోణం తప్పితే ఆ తర్వాతి త్రిభుజాలన్నీ తప్పుతాయి. ఆ పట్టుదల అందుకే.

త్రిభుజంలో రెండు కోణాలు తెలిస్తే మూడోది 180లోంచి తీసివేతతో వస్తుంది. అయినా ఆ మూడోదాన్నీ కొలిచారు. మొత్తం సరిపోకపోతే పొరపాటు బయటపడుతుంది. పెద్ద త్రిభుజాల్లో మాత్రం మొత్తం 180 కన్నా రవ్వంత ఎక్కువ రావాలి, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంటుంది. ఆ అదనం దాదాపు 200 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు. బల్లపరుపు కాగితం మీది సూత్రాన్ని నేల ఇలా సవరించడం ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం. మరీ సన్నని అల్పకోణాన్ని సర్వేయర్లు ఇష్టపడరు: చూపులో వెంట్రుకవాసి తేడా భుజంలో గజాలై తేలుతుంది. మూడూ 60కి దగ్గరగా ఉండే త్రిభుజమే మేలు.

మద్రాసు నుంచి మంగళూరు దాకా త్రిభుజాలు పరిచేసరికి ద్వీపకల్పం వెడల్పు పాత పటాల్లో ఉన్నదానికన్నా దాదాపు 40 మైళ్లు తక్కువని తేలింది.

పొలాల వంతు 1858లో మద్రాసు సర్వే శాఖతో వచ్చింది. కొలతల పుస్తకంలో ఒక్కో సర్వే నంబరును త్రిభుజాలుగా విడదీసి, వంకర గట్లకు గీత నుంచి లంబాలు వేశారు. లంబకోణం తప్పితే విస్తీర్ణం తప్పుతుంది, గట్టు తగాదా పుడుతుంది. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి చుట్టూ ఉన్న కోణాల మొత్తం 360 కావాలి. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసినా, హద్దుకు రెండు పక్కలా పాత పొలం పటాలు ఈ ఒక్క పద్ధతివే.