ఖూన్ కనపడని జఖం

హుజూర్‌నగర్ వాళ్లకు పేలుడు కొత్త కాదు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి క్వారీల్లో బ్లాస్టింగ్ చేస్తే, ఏ రాయీ తగలకుండానే ఇళ్ల కిటికీలు అదురుతాయి. తోప్ పక్కనే నిలబడే సిపాయికి ఆ గాలి దెబ్బ దిమాగ్‌కు తగులుతుంది. రోజూ తగులుతుంది. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఫౌజ్‌లకు వందేళ్లు పట్టింది.

మొదటి ప్రపంచ జంగ్‌లో దక్కన్ సిపాయిలు కూడా ఉన్నారు. 20వ దక్కన్ హార్స్ మూలాలు నిజాం కంటింజెంట్ రిసాలాలో ఉన్నాయి. అప్పటికది అంగ్రేజీ ఫౌజ్‌లో భాగం. సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముసల్మాన్లు అందులో సవార్లు. 1916 జూలై 14 సాయంత్రం ఫ్రాన్స్‌లోని సోమ్ లడాయిలో, హైవుడ్ దగ్గర, వాళ్లు బల్లేలు పట్టి గుర్రాల మీద దాడి చేశారు. ఆ లడాయి మొదలయ్యే ముందు ఒక్క వారంలోనే అంగ్రేజీ తోపులు 15 లక్షలకు పైగా గుండ్లు కాల్చాయి.

1915 ఫిబ్రవరిలోనే చార్లెస్ మైయర్స్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ‘షెల్ షాక్’ గురించి రాశాడు. చూపు మందగించడం, రుచి, వాసన తెలియకపోవడం, యాద్ తప్పడం దాని లక్షణాలు. పేలుడు ఒత్తిడికి దిమాగ్ లోపలే నష్టం జరుగుతుందని ఫ్రెడరిక్ మాట్ అన్నాడు. కానీ గుండ్లకు దూరంగా ఉన్నవాళ్లలో కూడా ఇవే లక్షణాలు కనిపించడంతో, ఇదంతా మనసు కమ్‌జోరీ అన్న వాదన గెలిచింది. 1922లో బ్రిటిష్ కమిటీ అసలా మాటే వాడొద్దని చెప్పింది. ఖౌఫ్‌తో వచ్చే బీమారీ నిజమే, పేలుడుతో అయ్యే జఖమూ నిజమే. రెండో దాన్ని మరిచిపోయారు. ఎందరో సిపాయిలకు బుజ్దిల్ అనే ఇల్జామే మిగిలింది.

2016లో డేనియల్ పెర్ల్ బృందం, పేలుళ్లకు గురైన అమెరికన్ సైనికుల మెదళ్లను వాళ్ల మౌత్ తర్వాత మైక్రోస్కోప్ కింద పరీక్షించి, ప్రత్యేకమైన మచ్చలు చూసింది. దుష్మన్ గుండే కాదు, సొంత తోప్ కూడా నష్టం చేయగలదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. 2024 ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ కొత్త నియమాలు తెచ్చింది. ట్రైనింగ్‌లో తోప్‌కు దూరం పాటించాలి, అవసరం లేనివాళ్లు దగ్గర ఉండకూడదు, చేరినప్పుడే జ్ఞాపకశక్తి పరీక్ష చేసి నమోదు చేయాలి.

మన గోల్కొండలో కూడా ఆర్టిలరీ సెంటర్ ఉంది. అక్కడ తయారయ్యే గన్నర్ల తలలకు కూడా ఇదే హిఫాజత్ కావాలి. ఛుట్టీకి వచ్చిన కొడుకు పేర్లు మరిచిపోతున్నా, నిద్రపట్టక చిరాకు పడుతున్నా, నజర్ తగిలిందని సరిపెట్టుకోకండి. “ఎన్ని గుండ్లు కాల్చావు బేటా?” అని అడగండి. ఆ హిసాబ్ డాక్టర్‌కు చెప్పండి. దిమాగ్ అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని కాపాడుకోవాలనడం బుజ్దిలీ కాదు.