సైడువాల్వు ఇంజను

నేటి మోటారుబండ్ల ఇంజనులలో కవాటములు సిలిండరు తలమీద నుండును. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున సామాన్యులు నడపిన బండ్లలో పెక్కింటికి అవి సిలిండరు ప్రక్కనే నిటారుగా నిలిచియుండెడివి. అట్టిదానికే సైడువాల్వు ఇంజనని పేరు. అది యేల అంతకాలము నిలిచెనో, యేల తొలగెనో విచారింతము.

కవాటము ఇంజనునకు ముక్కుపుటము వంటిది. ఒకటి తెరచుకొనగా పెట్రోలు కలసిన గాలి లోనికి వచ్చును. రెండవది తెరచుకొనగా కాలిన వాయువు వెలికి పోవును. తొలినాటి యింజనులు పెక్కింటిలో లోపలికి గాలినిచ్చు కవాటము పిస్టను పీల్పుచేతనే తెరచుకొనెడిది. వేగము హెచ్చినకొలది దాని నడక తప్పుచుండెను. అందువలన ఇంజనుతోపాటు తిరుగు ఇరుసుమీది బొడిపెలు కవాటముల నెత్తునట్లు చేసిరి. ఆ యిరుసే కామ్‌షాఫ్టు. కొందరు సిలిండరునకు ఇరుప్రక్కల కవాటము లుంచిరి గాన రెండు కామ్‌షాఫ్టులు కావలసెను. రెంటిని ఒకే ప్రక్కకు చేర్చినంతనే ఒక్కటి చాలెను. పైన మీటలు లేవు, కడ్డీలు లేవు. తల వట్టి మూత మాత్రమే.

1908లో హెన్రీ ఫోర్డు వెలువరించిన మోడల్ టీ బండి ఇంజను ఇట్టిదే. నాలుగు సిలిండరులు, 20 గుర్రముల బలము. మరలు విప్పిన మూత ఊడివచ్చును. లోని మసిని గోకవచ్చును, కవాటములను నూరి సరిచేయవచ్చును. కర్మాగారమునకు దూరమున నున్న రైతున కిది యెంత యుపకారము! 1927 వరకు అట్టి బండ్లు కోటి యేబది లక్షలు తయారయ్యెను.

లోపము లేకపోలేదు. కవాటములు ప్రక్కకు పోవుటచే మంట మండు గది వెడల్పై, మిశ్రమమును గట్టిగా నొక్కుట కష్టమయ్యెను. మంట దూరము ప్రాకవలెను. అంతలో మిగిలిన మిశ్రమము తనంత తానే భగ్గుమని మండి ఇంజను టకటక కొట్టుకొనును. అయినను ఆనాటి నాసి పెట్రోలు గట్టి నొక్కుడును ఎట్లును సహింపజాలదు. కావున ఇంజను లోపము ఇంధన లోపమున మరుగుపడెను. 1919 ప్రాంతమున ఇంగ్లాండున హ్యారీ రికార్డో మూతను పిస్టనుమీదికి దించి, మిశ్రమము సుడితిరుగునట్లు చేసి మంట వడి పెంచెను. దానితో ఈ ఇంజనుకు ఆయుర్దాయము పెరిగెను. 1932 నాటి ఫోర్డు వీ-ఎయిట్, రెండవ ప్రపంచయుద్ధపు జీపు ఈ తెగవే.

పెట్రోలు మేలగుటయే దీనికి చేటయ్యెను. 1921లో సీసపు ద్రావకము కలిపిన టకటక యణగునని అమెరికాలో కనుగొనిరి. ఆ సీసము గాలిలో విషమై, 2021 నాటికి గాని లోకమందలి బండ్ల పెట్రోలునుండి పూర్తిగా తొలగలేదు. ఇంధనము నొక్కుడును సహించినంతనే ఇరుకైన గదిగల తలకవాటపు ఇంజను ముందునకు వచ్చెను. అమెరికాలో ఫోర్డుకార్లకు సైడువాల్వు వీ-ఎయిట్ 1953తో ముగిసెను.

యంత్రము మంచిచెడ్డలను దానినిమాత్రమే చూచి తేల్చరాదు. అది త్రాగిన నూనెను, దానిని బాగుచేసిన చేతిని కూడ చూడవలెను.