డబ్ల్యూఎస్2812బి ఎల్‌ఈడీ: ఆర్డుయినోతో అనుసంధానం

డబ్ల్యూఎస్2812బి అనేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలనూ వాటిని నడిపే చిప్‌నూ 5 మి.మీ. చదరంలో ఇముడ్చుకున్న దీపం. తయారీదారు చైనాకు చెందిన వరల్డ్‌సెమి. అడాఫ్రూట్ సంస్థ పెట్టిన నియోపిక్సెల్ పేరుతో ఈ తరహా దీపాలు అభిరుచి ఎలక్ట్రానిక్స్‌లో ప్రాచుర్యం పొందాయి. వీటిని నడపడానికి తరచుగా వాడే బోర్డుల్లో 2010లో వచ్చిన ఆర్డుయినో ఊనో ఒకటి. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టింది.

అనుసంధానానికి మూడు తీగలు చాలు: 5 వోల్టులు, గ్రౌండ్, డేటా. డేటా గొలుసుకట్టుగా సాగుతుంది. ప్రతి దీపం మొదటి 24 బిట్లను తాను ఉంచుకుని మిగతావి ముందుకు పంపుతుంది; రంగుల వరుస ఆకుపచ్చ, ఎరుపు, నీలం. ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు పడుతుంది. ఈ దీపాలను వరుసగా అమర్చిన పట్టీపై ముద్రించిన బాణం డేటా దిశను చూపుతుంది. డేటా తీగను అవతలి కొసకు అతికితే ఒక్క దీపమూ వెలగదు.

అసలు కీలకం విద్యుత్ సరఫరా. పూర్తి తెలుపులో ఒక్కో దీపం గరిష్ఠంగా దాదాపు 60 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 30 దీపాలకు 1.8 ఆంపియర్లు. ఊనోలోని యూఎస్‌బీ ఫ్యూజు పరిమితి 500 మిల్లీఆంపియర్లే కనుక వేరే అడాప్టర్ వాడి, అడాప్టర్, ఊనో రెండింటి గ్రౌండ్‌లనూ కలపాలి. డేటా తీగలో 300–500 ఓమ్‌ల రెసిస్టర్, సరఫరా తీగల మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంచడం ఆనవాయితీ. 5 వోల్టుల సరఫరాపై డేటా సంకేతం కనీసం 3.5 వోల్టులు ఉండాలి, అందుకే 3.3 వోల్టుల బోర్డులకు సంకేతపు వోల్టేజీని పెంచే లెవెల్ షిఫ్టర్ జతచేస్తారు.